మా ల్యాబ్ క్లస్టర్‌లో స్లర్మ్ బ్యాక్‌ఫిల్: చాలాకాలం వాడాక

మా క్లస్టర్ (కలిపి ఒకే యంత్రంలా వాడే కంప్యూటర్ల గుంపు) ఎలా ఉందని ఎవరడిగినా కోర్లు ఎన్ని, మెమరీ ఎంత అని చెప్పను. అవి టెండర్ కాగితాల్లో ఉంటాయి. నేను చెప్పేది స్లర్మ్‌లోని బ్యాక్‌ఫిల్ గురించే. స్లర్మ్ అంటే మనం వేసే పనులను (జాబులను) క్యూలో పెట్టి, క్లస్టర్‌లోని కంప్యూటర్లకు (నోడ్లకు) పంచే షెడ్యూలర్. పీహెచ్‌డీ నుంచి ఇప్పటి పోస్ట్‌డాక్ దాకా ఇదే యంత్రం మీద గ్రోమాక్స్ అనే సాఫ్ట్‌వేర్‌తో ప్రోటీన్ అణువుల కదలికల సిమ్యులేషన్లు నడుపుతున్నాను. మాలాంటి ఉమ్మడి యంత్రంలో నాకు అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడింది ఈ ఒక్క సదుపాయమే.

సంగతి ఇదీ. క్యూలో ముందున్న పెద్ద జాబుకు 16 నోడ్లు కావాలి, అవన్నీ కలిపి రేపు రాత్రికి గానీ దొరకవు. ఈలోగా నాలుగు నోడ్లు ఊరికే ఉన్నాయి. వెనకెక్కడో ఉన్న చిన్న జాబు రేపు రాత్రిలోపు తప్పక ముగుస్తుందంటే స్లర్మ్ దాన్ని ముందుకు పిలిచి నడిపించేస్తుంది. రేపు రాత్రి ముహూర్తానికి బుక్ అయిన ఫంక్షన్ హాలును ఈ పూట సీమంతం వాళ్లకు ఇచ్చినట్టన్నమాట. పెళ్లివాళ్లకు ఏ ఇబ్బందీ ఉండదు. 1995లో అమెరికాలోని ఆర్గాన్ జాతీయ ప్రయోగశాలలో ఐబీఎం ఎస్‌పీ యంత్రం కోసం డేవిడ్ లిఫ్కా చేసిన షెడ్యూలర్‌తో ఈ పద్ధతికి పేరొచ్చింది. మన పరమ్ సూపర్ కంప్యూటర్లలో నడిచేదీ స్లర్మే కాబట్టి అక్కడ అకౌంట్ ఉన్నవాళ్లకూ నేను చెప్పేది చాలావరకు వర్తిస్తుంది.

ఇదంతా ఆధారపడేది మనం రాసే టైమ్ లిమిట్ మీద. స్క్రిప్టులో టైమ్ రాయకపోతే పార్టిషన్ (జాబు వేసే నోడ్ల విభాగం) డిఫాల్ట్ పడుతుంది. అడ్మిన్ డిఫాల్ట్ పెట్టకపోతే ఏకంగా గరిష్ఠమే పడుతుంది. మా దగ్గర గరిష్ఠం 72 గంటలు. ఆరు గంటల్లో అయిపోయే జాబులు కూడా 72 గంటల లెక్కతో క్యూలో కూర్చోవడం రోజూ చూస్తుంటాం.

దీని అసలు బలం తెలిసింది ఒక మెయింటెనెన్స్ ముందు. సోమవారం పొద్దున చిల్లర్, యూపీఎస్ పనుల కోసం మొత్తం ఆపేస్తామని మెయిల్ వచ్చింది. అడ్మిన్ ఆ సమయానికి నోడ్ల మీద ఏ జాబూ నడవకుండా రిజర్వేషన్ పెట్టాడు. 72 గంటలు అడిగిన జాబు శుక్రవారం పొద్దున దాటాక మొదలైతే రిజర్వేషన్‌ను దాటిపోతుంది కాబట్టి స్లర్మ్ ఇక దాన్ని కదలనివ్వదు. శనివారం స్క్యూ (క్యూను చూపే కమాండ్) కొట్టి చూస్తే పెండింగ్ జాబులు కొండలా ఉన్నాయి, అన్నిటి పక్కనా ఒకటే కారణం: 'రిజర్వ్‌డ్ ఫర్ మెయింటెనెన్స్'. ఎస్‌ఇన్ఫో (నోడ్ల స్థితి చూపే కమాండ్) కొడితే సగానికి పైగా నోడ్లు ఐడిల్! ఇంత ఖాళీ క్లస్టర్‌ను నేను అంతకుముందు చూడలేదు.

నా రన్లన్నీ అప్పటికే నాలుగేసి గంటల ముక్కలుగా ఉన్నాయి. ఇందులో గ్రోమాక్స్ గొప్పతనమూ ఉంది. అది ప్రతి 15 నిమిషాలకూ చెక్‌పాయింట్ (అప్పటిదాకా జరిగిన పనిని దాచే ఫైలు) రాస్తుంది. మ్యాక్స్-హెచ్ ఆప్షన్ ఇస్తే ఇచ్చిన గంటల్లో 99 శాతం కాగానే చెక్‌పాయింట్ రాసి తనంతట తానే ఆగుతుంది. తర్వాతి ముక్క అక్కడి నుంచే అందుకుంటుంది. ఒక్కో రెప్లికాకు (అదే సిమ్యులేషన్‌కు విడిగా నడిపే ప్రతికి) డిపెండెన్సీతో, అంటే ముందు ముక్క ముగిశాకే తర్వాతిది మొదలయ్యేలా, ఒక గొలుసు కట్టి వదిలాను. వేసినవి వేసినట్టే మొదలయ్యాయి. ఆదివారం అర్ధరాత్రి దాటినా ముక్క తర్వాత ముక్క నడుస్తూనే ఉంది. మామూలుగా నెలకు పైగా పట్టే శాంప్లింగ్ ఆ వారాంతంలో చేతికొచ్చింది. ప్రోటీన్ లూప్ తెరుచుకోవడం మొదటిసారి స్పష్టంగా కనిపించింది ఆ ట్రాజెక్టరీల్లోనే (అణువుల కదలికల రికార్డుల్లోనే). ఆ సంతోషం ఇప్పటికీ తగ్గలేదు.

ఆ తర్వాత జూనియర్లందరికీ 'ముక్కలు చెయ్యండి, టైమ్ తక్కువ అడగండి' అని చెప్పాను. ఇప్పటికీ చెబుతాను గానీ, కొన్ని సంగతులు కలిపి చెబుతాను.

మొదటిది, గొలుసులో ఉన్న జాబు, తన ముందు ముక్క ముగిసేదాకా వయసు పెంచుకోదు. క్యూలో వేచి ఉన్నందుకు వచ్చే ప్రయారిటీ దానికి డిపెండెన్సీ తీరాకే మొదలవుతుంది, అడ్మిన్ సెట్టింగ్ మారిస్తే తప్ప. అంటే రద్దీ వారాల్లో ప్రతి ముక్కా మళ్లీ మొదటి నుంచి వరసలో నిలబడాలి. అలాంటప్పుడు ఒకే 24 గంటల జాబు నయం. మధ్యలో ఒక నోడ్ పోయి ముక్క ఫెయిలైతే, ఆఫ్టర్-ఓకే (ముందుది సఫలమైతేనే తర్వాతిది) అని కట్టిన గొలుసు మొత్తం అక్కడే ఆగిపోతుంది. అందుకే ఇప్పుడు సింగిల్‌టన్ (అదే పేరున్న ముందు జాబు ఎలా ముగిసినా తర్వాతిది మొదలవుతుంది) వాడుతున్నాను.

రెండోది నన్ను నిజంగా బాధపెట్టింది. ఖాళీగా ఉన్న నోడ్ల మీద నడిపినా ఆ వాడకం ఫెయిర్‌షేర్ (ఎక్కువ వాడినవాళ్ల ప్రయారిటీ తగ్గించే పద్ధతి) లెక్కలోకి వస్తుంది. మా దగ్గర అకౌంట్ గ్రూపు మొత్తానికి ఒక్కటే. ఆ లెక్క సగానికి తగ్గేందుకు పట్టే సమయం స్లర్మ్ డిఫాల్ట్ ప్రకారం ఏడు రోజులు, మా అడ్మిన్ అదే ఉంచాడు. మెయింటెనెన్స్ ముగిశాక థీసిస్ చివర్లో ఉన్న మా జూనియర్ వచ్చి, "అక్కా, మీ రన్లు అయిపోయాయి కదా, నావి ఎందుకు కదలట్లేదు?" అని అడిగాడు. ఎస్‌షేర్ (ఆ లెక్కను చూపే కమాండ్) తీసి చూపించాను. మా గ్రూపు ప్రయారిటీ అట్టడుగున ఉంది. ఎవరికీ అక్కరకు రాని నోడ్ల వాడకానికి పక్కవాడి జాబులు వెనక్కి పోవడం న్యాయం కాదు. ఇలాంటి ఖాళీ సమయానికి తక్కువ ఛార్జీ ఉండే క్యూఓఎస్ (విడి నియమాలున్న జాబుల తరగతి) పెట్టడం స్లర్మ్‌లో కుదిరే పనే, వాడకాన్ని ఎంత మేర లెక్కించాలో చెప్పే యూసేజ్ ఫ్యాక్టర్ ఉన్నదే అందుకు. మా వాళ్లను అడిగాం, ఇంకా పెట్టలేదు.

నా పరిస్థితి కూడా చెప్పాలి. నాది చెక్‌పాయింట్ రాసే కోడ్. ఒక్కో రన్ ఒకటి రెండు నోడ్లకు మించదు. రెప్లికాలు ఒకదాని మీద ఒకటి ఆధారపడవు. మధ్యలో ఆగితే మొదటికొచ్చే కోడ్ నడిపేవాళ్లకు, ఒకేసారి ముప్పై నోడ్లు అడిగేవాళ్లకు బ్యాక్‌ఫిల్ పెద్దగా చేసేదేమీ ఉండదు. ఎప్పుడూ నిండి ఉండే మా జీపీయూ పార్టిషన్‌లో నాకూ ఏమీ కలిసి రాలేదు. సీపీయూ నోడ్ల మీద మాత్రం నాకు మరో షెడ్యూలర్ అక్కర్లేదు. మెయింటెనెన్స్ మెయిల్ వస్తే మాత్రం ముందు గ్రూపులో ఎవరి గడువు దగ్గర పడిందో అడిగి, వాళ్ల జాబులను కూడా ముక్కలు చేసి నావాటికంటే ముందు క్యూలో వేస్తున్నాను.