లైఫ్ ఫొటోలు: విడిగానా, సంచికలోనా?

అమెరికాకు చెందిన లైఫ్ పత్రిక పాత ఫొటోలను గూగుల్‌లో రెండు రకాలుగా చూడొచ్చు. 2008లో మొదలైన ఫొటో ఆర్కైవ్ ఒకటి, గూగుల్ బుక్స్‌లో స్కాన్ చేసి పెట్టిన 1936–1972 నాటి సంచికలు రెండోది.

ఆర్కైవ్‌లో అచ్చుకాని ఫొటోలే ఎక్కువ, అదే దాని గొప్ప. లైఫ్ ఫొటోగ్రాఫర్ మార్గరెట్ బర్క్-వైట్ 1946లో తీసిన గాంధీజీ ఫొటో నాకెంతో ఇష్టం: ముందు చరఖా, వెనక కింద కూర్చుని కాగితాలు చదువుతున్న బాపూజీ. ఇలాంటివి ఒక్కటొక్కటిగా, తీరిగ్గా చూడాలంటే ఆర్కైవే మేలు. కానీ వివరం పొడిపొడిగా ఉంటుంది.

సంచికల్లో ఫొటో నాణ్యత తక్కువే. అయినా పక్కన కథనం, ప్రకటనలు, ఏ ఫొటోకు ఎంత చోటిచ్చారో అన్నీ కనిపిస్తాయి. 1936 నవంబర్ 23 నాటి మొదటి సంచిక తెరవండి, ముఖచిత్రం బర్క్-వైట్ తీసిన, అమెరికాలోని ఫోర్ట్ పెక్ డ్యామే. చరిత్ర రాసేవాళ్లు ముందు సంచికలే చూడాలంటాను.