చచ్చినవాళ్ల గదికి కంత ఉంది, మా లాడ్జి గదికి కిటికీ లేదు

కర్ణాటకలో హంపికి దగ్గర్లో ఉన్న గంగావతిలో, బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో దిగాం. ఫోన్‌లో ఏసీ డబుల్ రూమ్ 1,800 అన్నారు. తీరా చూస్తే గదికి కిటికీయే లేదు, ఏసీ వేస్తే నీళ్లు సరిగ్గా నా దిండు మీదే పడుతున్నాయి. వేరే గది ఇమ్మంటే కౌంటర్లో కుర్రాడు ఫోన్‌లోంచి తలెత్తకుండానే ఫుల్ అన్నాడు, డబ్బులు వెనక్కిమ్మంటే ఓనరు ఊళ్లో లేడన్నాడు. "సమాధులు చూడ్డానికి హంపి వదిలేసి వచ్చే మనిషిని మిమ్మల్నే చూశా" అని మా ఆవిడ అర్ధరాత్రి దాకా సణుగుతూనే ఉంది.

పొద్దున్నే ఆ పాతకాలపు సమాధులున్న హిరేబెణకల్‌కి ఆటో, వెయిటింగుతో కలిపి 700. ఊరు దాటాక కొండెక్కడమే, మాకు గంట పైనే పట్టింది. దారిలో నీళ్లు దొరకవు, మనిషికి రెండు లీటర్లు మోసుకెళ్లాల్సిందే.

పైకి వెళ్లాక మా ఆవిడ సణుగుడు ఆగిపోయింది. 400 దాకా రాతి కట్టడాలు, రెండు వేల ఏళ్లు దాటినవి. గ్రానైటు పలకలు నిలబెట్టి పైన ఇంకో పలక మూతేశారు, కొన్ని నాకంటే ఎత్తు. కొన్నింటి ముందు పలకకు గుండ్రంగా కంత తొలిచారు. ఒకదాంట్లో తల దూర్చాను, లోపల చల్లగా ఉంది, మూలన ఎండుటాకులు. మా లాడ్జి గది కంటే గాలి బాగా ఆడుతోంది, నిజంగా.

ఆ కంత ఆత్మ వచ్చిపోయే దారి అని కొందరంటారు, తర్వాత పోయినవాళ్ల ఎముకలు లోపల పెట్టడానికి అని కొందరు. నాకు రెండోదే సబబనిపిస్తుంది, ఎందుకంటే దక్షిణాదిలో ఆ కాలపు సమాధులు తవ్విన చాలాచోట్ల శవం మొత్తం కాదు, ఏరి తెచ్చిన ఎముకలు కొన్ని, పక్కనే నలుపు ఎరుపు కుండలు, ఇనప పనిముట్లు దొరికాయి. 1947లో పురావస్తు శాస్త్రవేత్త వీలర్ తవ్విన బ్రహ్మగిరిలోనూ (ఇదీ కర్ణాటకే) అవే కుండలు, ఇనుమే. చచ్చాక కూడా వండుకోవాలి, పని చేసుకోవాలి అనుకున్నారన్నమాట. ఊళ్లోవాళ్ల లెక్క వేరు, ఇది మోర్యర గుడ్డ (కన్నడంలో గుడ్డ అంటే కొండ), మోర్యులనే పొట్టి మనుషులు కట్టుకున్న ఇళ్లట. ఇంకా పైన బండ మీద నగారా లాంటి రాయి ఉంది, కొడితే కిలోమీటరు దాకా వినిపిస్తుందట. అంత ఎక్కే ఓపిక లేక కింద నుంచే చూశాం.

తిరిగొస్తూ ఆంధ్రావాళ్ల క్యాంపులో ఆగాం. తుంగభద్ర కాలువ కింద వరి వేయడానికి మనవాళ్లు వచ్చి స్థిరపడ్డ ఊళ్లు ఇవి. మెస్సులో భోజనం 120. ముద్దపప్పు, గోంగూర, గడ్డపెరుగు. లాడ్జి సంగతి ఏమైనా కానీ ఈ మెస్సు మాత్రం వదలకండి. "ఎక్కడికెళ్లొస్తున్నారండీ?" అని అడిగింది వడ్డించే పెద్దావిడ. సమాధులు చూసొస్తున్నాం అన్నాను. పరిచిన ఆకు మళ్లీ చుట్టేసి, పెరట్లో పంపు చూపించింది. "ముందు కాళ్లు కడుక్కు రండి."