డాంబ్రౌస్కీ పంచాయితీకి చోటిచ్చిన ఇరానీ హోటల్

సికింద్రాబాద్‌లో మోండా మార్కెట్ నుంచి నడిచి వెళ్ళగలిగినంత దూరంలో ఉన్న ఒక ఇరానీ హోటల్‌కు రెండు బేస్‌బాల్ సీజన్లుగా ఆదివారం ఉదయాల్లో ముగ్గురం వెళుతున్నాం. కింద రెండు ఫిర్యాదులు కూడా ఉన్నాయి కనుక పేరు రాయడం లేదు. అమెరికాలో శనివారం సాయంత్రం ఆటలు మనకు ఆదివారం తెల్లవారుజామున నాలుగున్నర ప్రాంతంలో మొదలై ఏడు దాటాక ముగుస్తాయి. చివరి ఇన్నింగ్స్ ఫోన్‌లో చూస్తూ వచ్చి కూర్చోవడానికి ఆ వేళకు పొయ్యి వెలిగి ఉండే చోటు మాకు కావాలి.

మా బావగారు పదకొండేళ్ళు డెట్రాయిట్‌లో ఉద్యోగం చేసి వచ్చారు, మా తమ్ముడు, అంటే పిన్ని కొడుకు, బోస్టన్‌లో చదువుకున్నాడు. ఇద్దరి జట్లనూ నడిపిన మనిషి ఒక్కడే, డేవ్ డాంబ్రౌస్కీ. 2002 నుంచి 2015 వరకు డెట్రాయిట్ జట్టు టైగర్స్‌కు, ఆ తరవాత 2019 వరకు బోస్టన్ జట్టు రెడ్ సాక్స్‌కు ఎవరిని తేవాలో, ఎవరిని వదలాలో తేల్చింది ఆయనే. మన సన్‌రైజర్స్ 2024 సీజన్ కోసం ప్యాట్ కమిన్స్‌ను వేలంలో 20.5 కోట్లకు కొన్నారు; అక్కడ మాత్రం డబ్బుతో కొనడమే కాక ఆటగాడికి ఆటగాడిని ఇచ్చి మార్చుకోవడం కూడా పెద్ద ఎత్తున సాగుతుంది. ఇచ్చేసిన కుర్రవాడు ఐదేళ్ళకు ఏమవుతాడో ఇచ్చిన రోజున ఎవరికీ తెలియదు. అందుచేత ఆయన జట్లకు మేలు చేశారా, వాటి రేపటిని తాకట్టు పెట్టారా అన్న మా వాదన తెగదు. తెగని వాదనను రెండు గంటలు భరించే టేబుల్ ఈ హోటల్‌లో దొరుకుతుంది, నా దృష్టిలో ఇక్కడి అసలు సరుకు అదే.

చాయ్ సంగతి చెప్పాలి. గుడ్డ చుట్టి మూత బిగించిన పాత్రలో డికాక్షన్, పక్క పొయ్యి మీద విడిగా మరిగి చిక్కబడిన పాలు. మాస్టర్ ముందు డికాక్షన్ పోసి, పైనుంచి పాలు వదులుతాడు. ఏడున్నరకు వచ్చే పౌనా చాయ్‌కు వంక పెట్టలేను. ఉస్మానియా బిస్కెట్ అంచు చాయ్‌లో ముంచగానే మెత్తబడుతుంది, కాని విరిగి కప్పులో పడదు. ఉప్పు, తీపి రెండూ నాలుకకు తెలుస్తాయి.

ఆ బిస్కెట్లతోనే ఒక ఆదివారం బావగారు 2007 డిసెంబరులో టైగర్స్ చేసిన ట్రేడ్‌ను, అంటే ఆటగాళ్ళ మార్పిడిని, పాలరాతి బల్ల మీద పరిచారు. ఆరు బిస్కెట్లను మా తమ్ముడి వైపు తోసి, అతని ముందున్న రెండు కీమా లుఖ్మీలను తన వైపు లాక్కున్నారు. ఆ ఆరు బిస్కెట్లు ఫ్లోరిడా మార్లిన్స్‌కు వెళ్ళిన కుర్రవాళ్ళు, లుఖ్మీలు డాంట్రెల్ విల్లిస్, మిగెల్ కబ్రేరా. "ఇందులో ఒకటి, విల్లిస్, చల్లారిపోయిందనే అనుకో. రెండోది, కబ్రేరా, 2012లో ట్రిపుల్ క్రౌన్ కొట్టింది, అంటే బ్యాటింగ్ సగటు, హోమ్ రన్లు, రప్పించిన పరుగులు మూడింటిలోనూ లీగ్‌లో మొదటి స్థానం. 1967 తరవాత మరొకడికి చేతకాని పని," అన్నారు. వాదన ముగిశాక వెయిటర్ ఆ ఆరింటినీ బిల్లులో వేశాడు. ఇరానీ హోటల్‌లో ప్లేటు ముందు పెట్టినా తిన్నవాటికే డబ్బు తీసుకుంటారు కదా అని అడిగితే, "చెయ్యి పెట్టినవి తిన్నట్టే సార్" అన్నాడు. తప్పు మాదే.

తమ్ముడు ఊరుకోలేదు. "తెచ్చినవాళ్ళ సంగతి చెబుతున్నారు బావగారూ, డాంబ్రౌస్కీ వెళ్ళేటప్పుడు ఏం మిగిల్చాడో చెప్పరేం?" టైగర్స్ 2017లో 98 ఆటలు, 2019లో 114 ఆటలు ఓడిపోయిన మాట నిజం. అయితే 2003లో 119 ఆటలు ఓడిన జట్టును మూడేళ్ళలో విజేతను తేల్చే వరల్డ్ సిరీస్‌కు చేర్చినదీ ఆయనే. పైగా ఎనభై దాటిన యజమాని మైక్ ఇలిచ్ తన కళ్ళతో కప్పు చూడాలని డబ్బు కుమ్మరిస్తుంటే, రేపటి కోసం దాచిపెడతానని ఏ ఉద్యోగి అనగలడు? ఆ కప్పు రానేలేదు. 2006లోనూ 2012లోనూ వరల్డ్ సిరీస్‌లో ఓడిపోయారు, 2017లో ఇలిచ్ పోయారు.

విచిత్రమేమిటంటే, కప్పు రాని ఊరి అభిమాని ఆయనను వెనకేసుకొస్తాడు, కప్పు వచ్చిన ఊరివాడు తిడతాడు. బోస్టన్ 2018లో 108 ఆటలు గెలిచి వరల్డ్ సిరీస్ కొట్టింది. అందుకోసం మోంకాడా, కోపెక్ వంటి కుర్రవాళ్ళను ఇచ్చి తెచ్చిన పిచర్ (బంతి విసిరేవాడు) క్రిస్ సేల్‌కు 2019 మార్చిలో ఐదేళ్ళకు 14.5 కోట్ల డాలర్ల కాంట్రాక్టు రాసిచ్చారు. మరుసటి ఏడాదే మోచేతికి శస్త్రచికిత్స. అదే సేల్ 2024లో ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు అందుకున్నాడు, కాని అట్లాంటా తరఫున. తమ్ముడి కడుపుమంట అర్థం చేసుకోదగినదే. కప్పు గెలిచి ఏడాది తిరగకుండానే డాంబ్రౌస్కీని పంపేశారన్న సంగతి మాత్రం అతడు త్వరగా దాటేస్తాడు.

నా మటుకు నాకు ఆయన అసలు లోపం వేరే. మొదట బంతి వేసే పిచర్లకు, కొట్టేవాళ్ళకు కోట్లు పోసి, చివరి రెండు ఇన్నింగ్స్ కాపాడే పిచర్ల బృందాన్ని, అంటే బుల్‌పెన్‌ను, డెట్రాయిట్‌లో సగం సగంగా వదిలేశారు. 2013 అక్టోబరులో ఇదే బోస్టన్ మీద 5-1 ఆధిక్యంలో ఉండగా, ఎనిమిదో ఇన్నింగ్స్‌లో బోస్టన్ ఆటగాడు డేవిడ్ ఓర్టిజ్ ఒకే దెబ్బకు నాలుగు పరుగులు తెచ్చే గ్రాండ్ స్లామ్ కొట్టి స్కోరు సమం చేశాడు, చివరికి టైగర్స్ 6-5తో ఓడారు. ఆ మాట ఎత్తితే బావగారు సాసర్‌లో చాయ్ పోసుకుని మౌనంగా ఊదుకుంటారు.

ఇక ఫిర్యాదులు. ఎనిమిదిన్నర తరవాత రెండో విడత డికాక్షన్ పలచబడుతుంది, అదే ధరకు అదే కప్పులో వేరే చాయ్ తాగుతున్నట్టుంటుంది. బల్ల తుడిచే గుడ్డ సంగతి నేను రాయను, మీరే చూడండి. మాదాపూర్ వైపు కాఫీ షాపుల్లో కప్పు ఖాళీ అయితే చాలు, మనిషి వచ్చి ఇంకేం కావాలని నిలబడతాడు. ఇక్కడ గల్లా మీది పెద్దాయన రద్దీ వేళ కూడా ఒక్కసారీ మమ్మల్ని లేవమనలేదు. రెండో గుమ్మం పక్కన ఫ్యాన్ కిందున్న బల్ల ముగ్గురికి సరిపోతుంది. లుఖ్మీ ఎనిమిదికల్లా అయిపోతుంది, ఆలస్యంగా వెళ్ళేవారు సమోసాతో సరిపెట్టుకోవాలి.