వినైల్ కేప్ జావా బొమ్మ కొనేవాళ్లు జాగ్రత్త, నా 1,150 డాలర్లు ఇలా పోయాయి

ముందే చెప్పేస్తున్నా. ఎవరైనా మీకు 1978 నాటి స్టార్‌వార్స్ జావా బొమ్మ (ఆ సినిమాలో ముసుగు వేసుకున్న పొట్టివాడు), అదీ వినైల్ కేప్‌తో (భుజాల మీద కప్పే ప్లాస్టిక్ పై వస్త్రం), "మా మామయ్య అటక మీద దొరికింది, చవగ్గా ఇచ్చేస్తున్నా" అని చూపిస్తే డబ్బు పంపే ముందు ఇది చివరిదాకా చదవండి. పోయిన నెల 1,150 డాలర్లు పెట్టి నేను కొన్నది ఒక అసలు బొమ్మ, దానికి తొడిగిన ఒక కత్తిరింపు కేప్. అమ్మినాయన పేరు ఇక్కడ రాయను. ఫిర్యాదు నడుస్తోంది, పైగా ఆయన రేపు ఇంకో పేరుతో వస్తాడు కాబట్టి పేరు కంటే పద్ధతి తెలుసుకుంటేనే మీకు పనికొస్తుంది.

ఈ బొమ్మ సంగతి తెలియనివాళ్లకు కాస్త చెప్పాలి, లేకపోతే రెండుంబావు అంగుళాల ప్లాస్టిక్ ముక్కకు అంత డబ్బు తగలేసిన వీడికి పిచ్చా అనుకుంటారు (పిచ్చే, మా ఆవిడ కూడా అదే అంటుంది). స్టార్‌వార్స్ సినిమా 1977 మే నెలలో వచ్చింది. బొమ్మలు చేసే హక్కు మొదట మెగో కంపెనీ దగ్గరికి వెళ్తే వాళ్లు వద్దన్నారు. డెబ్బైల్లో ఎనిమిది అంగుళాల సూపర్‌హీరో బొమ్మలతో బజారంతా వాళ్లదే, వాళ్లకేం పట్టింది. ఆ హక్కు చివరికి మా సిన్సినాటి (అమెరికాలో ఒహాయో రాష్ట్రం) కంపెనీ కెన్నర్‌కు దక్కింది. మా సిన్సినాటి అని ఎందుకంటున్నానంటే నేను ఉండేది ఆ ఊరికి అరగంట దూరంలో, ఇక్కడ పాత సామాన్ల సంతకు వెళ్తే ఇప్పటికీ ఏదో ఒక బల్ల మీద కెన్నర్ బొమ్మ కనిపిస్తుంది. సినిమా అంత ఆడుతుందని ఎవరూ అనుకోలేదు, ఆ క్రిస్మస్‌కు బొమ్మలు తయారు కాలేదు. అప్పుడు వాళ్లు చేసిన పని వింటే నవ్వొస్తుంది: బొమ్మలే లేని అట్ట ప్యాకెట్ అమ్మారు. లోపల ఒక అట్ట స్టాండు, ఒక సర్టిఫికెట్. ఆ కాగితం నింపి పోస్టు చేస్తే తర్వాతి ఏడాది సినిమాలోని లూక్, లేయా, చ్యూబాకా, ఆర్2-డీ2, ఈ నాలుగు పాత్రల బొమ్మలూ ఇంటికొస్తాయన్నారు. వచ్చాయి కూడా. ఖాళీ అట్ట అమ్మినవాళ్లు మాట నిలబెట్టుకున్నారు, నాకు నిండు డబ్బా పంపినవాడు ముంచాడు.

1978లో మొత్తం 12 బొమ్మలు దుకాణాలకు వచ్చాయి, ఎక్కువ భాగం మూడుముప్పావు అంగుళాలవి. అందులో జావా మరీ పొట్టివాడు. గోధుమరంగు ముసుగు, లోపల రెండు పసుపు కళ్లు, అంతే. మొదట వచ్చిన కొద్ది సరుకులో వీడికి పల్చటి వినైల్ కేప్ వేశారు. ఇంత చిన్న బొమ్మకు ఈ రేకు లాంటి కేప్ వేసి మిగతావాటి ధరే తీసుకుంటే జనం మోసమనుకుంటారని కెన్నర్‌వాళ్లు త్వరగానే గుడ్డ కేప్‌కు మారారని అంటారు. దాంతో గుడ్డ జావా ఎక్కడ చూసినా దొరుకుతుంది, వినైల్ జావాకు మాత్రం వేల డాలర్లు పలుకుతాయి. తేడా అంతా ఆ కేప్‌లోనే ఉంది, బొమ్మ ఒకటే. దొంగలకు ఇంతకంటే ఏం కావాలి?

ఇప్పుడు నా గోల. మా బాబాయి డెబ్బైల మొదట్లో ఒహాయోకు డాక్టరుగా వచ్చాడు. 1979 సంక్రాంతికి తెనాలి వచ్చినప్పుడు నా చేతిలో పెట్టిన బొమ్మ ఈ జావా. మాకు సినిమా తెలియదు, వీడెవడో తెలియదు. మా నానమ్మ ఒకసారి చూసి "గొర్రెలు కాసేవాడురా, గొంగడి కప్పుకున్నాడు" అని తేల్చేసి బొమ్మల కొలువులో కొండపల్లి తాటిచెట్టు పక్కన, గొల్లభామ దగ్గర నిలబెట్టింది. మూడేళ్లు అదే చోటు వాడిది. పేరంటానికి వచ్చినవాళ్లంతా వాణ్ణే అడిగేవాళ్లు. నాకు బాగా గుర్తున్నది ఆ గొంగడి: గట్టిగా, కొంచెం జిగటగా ఉండేది, వేలితో వంచి వదిలితే టక్కున మళ్లీ నిలబడేది. గుడ్డ అలా నిలబడదు కదా. అంటే నా చేతిలో ఆడింది వినైల్ జావానే. ఆ తర్వాత మా తమ్ముడు, ఆ మహానుభావుడు, వాణ్ణి బావిలో పడేశాడు, పాతాళ గరిగె వేసి ఒక పూటంతా వెతికినా చెంబు దొరికింది గానీ వాడు దొరకలేదు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, అమ్మేవాడికి ఇదంతా నేనే చెప్పాను. అదే నేను చేసిన మొదటి తప్పు. ప్రకటన కింద మెసేజ్ పెట్టి, చిన్నప్పుడు నా దగ్గర ఉండేదండీ, బాబాయి తెచ్చాడండీ అని రామాయణమంతా విప్పాను. వీడికి ధర ముఖ్యం కాదు, బొమ్మ కావాలి అని అవతలివాడికి అర్థమైపోయింది. ఆ నిమిషం నుంచి ఆయన కూడా కన్నీళ్ల కథలు మొదలుపెట్టాడు, వాళ్ల అమ్మ కొనిపెట్టిందట, ఇప్పుడు ఆమె ఆస్పత్రి ఖర్చులకు అమ్ముతున్నాడట. కేప్ అంచు దగ్గరగా ఫొటో తీసి పంపమన్నాను. పంపాడు, మసకమసగ్గా. ఇంకోటి అడిగితే "ఇంకొకాయన డబ్బు పట్టుకుని రెడీగా ఉన్నాడు, మీ కథ నచ్చి మీకే ఇద్దామనుకుంటున్నా" అన్నాడు. ముందు 1,200 అన్నవాడు, డబ్బు పంపే యాప్‌లో వ్యాపార చెల్లింపు కాకుండా స్నేహితులకు పంపినట్టు పంపితే ఫీజు కలిసొస్తుంది, 50 తగ్గిస్తానన్నాడు. అసలుది వేలల్లో ఉంటే వీడు ఇంత తక్కువకు ఎందుకిస్తున్నాడు అని ఒక్కసారి కూడా తట్టలేదంటే నమ్ముతారా? తట్టింది. తట్టినా పంపాను.

కొన్ని రోజులకు పార్సిల్ వచ్చింది. విప్పగానే ముందు చూసింది కాలి వెనక. అక్కడ 1977, జి.ఎం.ఎఫ్.జి.ఐ. అనే అక్షరాలు, హాంకాంగ్ అని ముద్ర ఉన్నాయి. (ఆ అక్షరాలు జనరల్ మిల్స్ ఫన్ గ్రూప్ ఇన్‌కార్పొరేటెడ్ అని. అవును, పొద్దున పాలల్లో వేసుకునే సీరియల్ చేసే ఆ జనరల్ మిల్సే, అప్పట్లో కెన్నర్ వాళ్లదే.) ముద్ర సరిగ్గా ఉంది, పెయింటు సరిగ్గా ఉంది, నా మనసు నిమ్మళించింది. ఉచ్చు ఇక్కడే ఉంది. బొమ్మ నిజంగా పాతదే, ఎందుకంటే పాత జావా బొమ్మ సంపాదించడం పెద్ద కష్టం కాదు. ఆ ముద్ర బొమ్మకు సాక్ష్యమే గానీ కేప్‌కు కాదు. కేప్ మీద ఏ ముద్రా ఉండదు.

రెండు రోజులు బల్ల మీద పెట్టుకుని చూసుకుంటూ మురిసిపోయాను. మూడో రోజు రాత్రి నా దగ్గరే ఉన్న బెన్ కెనోబీ బొమ్మను (అదే సినిమాలోని ఇంకో పాత్ర) పక్కన పెట్టాను, ఊరికే, ఫొటో కోసం. బెన్‌కు కూడా గోధుమరంగు వినైల్ కేప్ ఉంటుంది, పొడుగుది, అది మామూలు ధరకే దొరుకుతుంది. దీపం కింద రెండు కేపులూ పక్కపక్కన చూస్తే ఒకే రంగు, ఒకే మెరుపు, ఒకే తానులో చింపినట్టు ఉన్నాయి. గుండె జారింది. భూతద్దం తెచ్చి కింది అంచు చూశాను. బెన్ కేప్ అంచు అచ్చుతో ఒక్క దెబ్బన కోసినట్టు నున్నగా పోతోంది. జావా కేప్ కింది అంచు మాత్రం నాలుగైదు చోట్ల సన్నగా మెట్టు మెట్టుగా ఉంది, కత్తెర మూసి మళ్లీ తెరిచిన ప్రతిచోటా ఒక మెట్టు. పై అంచు మాత్రం నున్నగానే ఉంది, దాన్ని ముట్టుకోలేదు కదా. చేతులు దూరే రంధ్రాలు వాడి పొట్టి చేతులకు పెద్దవై చంక దగ్గర వదులుగా నోరు తెరుచుకుని ఉన్నాయి. వేలితో వంచి వదిలాను. టక్కున నిలబడింది. నిలబడక ఏం చేస్తుంది, అది కూడా కెన్నర్ వినైలే, 1978దే, కాకపోతే బెన్ ఒంటి మీది నుంచి వచ్చింది.

ఆ వారాంతం ఇక్కడి బొమ్మల సంతలో ముప్పై ఏళ్లుగా ఇవే కొని అమ్ముతున్న ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన డబ్బా మూత పూర్తిగా తీయక ముందే "బెన్" అన్నాడు. తన దగ్గరున్న అసలు కేప్ తీసి నా అరచేతిలో పెట్టాడు. పక్కన పెడితే రంగు వేరని నాలాంటివాడికి కూడా తెలిసిపోయింది, విడిగా ఫొటోలో చూస్తే మాత్రం నా తాతకు కూడా తెలియదు, ఫోన్ కెమెరా గోధుమరంగును దాని ఇష్టమొచ్చినట్టు మార్చేస్తుంది. బెన్ కేప్ కత్తిరించి జావాకు తొడగడం ఈ రంగంలో చాలా పాత మోసమట, నెలకొకరైనా ఇలా మొహం వేలాడేసుకుని తన బల్ల దగ్గరికి వస్తారట. కాఫీ ఇప్పించాడు, మంచాయన.

డబ్బు సంగతి. అమ్మినాయనకు ఫొటోలతో సహా మర్యాదగానే రాశాను, రెండు గంటల్లో బ్లాక్ చేశాడు. యాప్‌వాళ్లను అడిగితే స్నేహితుడికి పంపినట్టు పంపారు కాబట్టి కొనుగోలుదారు రక్షణ మీకు వర్తించదన్నారు. నిజమే, పంపేటప్పుడు ఆ మాట తెరమీదే ఉంది, నేనే చదవకుండా నొక్కాను. 50 డాలర్ల తగ్గింపుకు ఆశపడి 1,150 డాలర్లకు ఉన్న ఒక్క తాళం నేనే తీసిచ్చాను. ఇప్పుడు ఇంటర్నెట్ మోసాల ఫిర్యాదుల కోసం ఎఫ్‌బీఐవాళ్లు నడిపే ఐసీ3 సైట్‌లో ఫిర్యాదు పెట్టాను, సరుకు పోస్టులో వచ్చింది కాబట్టి పోస్టు మోసాలు చూసే పోస్టల్ ఇన్‌స్పెక్షన్ సర్వీస్‌కు కూడా రాశాను. పార్సిల్ కవరు, స్టాంపు తేదీ, మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లు అన్నీ దాచాను. మీరు కూడా ఏం కొన్నా బొమ్మ మీది ప్రేమతో కవరు చింపి పారేయకండి.

ఇదొక్కటే కాదు. అదే మనిషి (అదే దుప్పటి, అదే బల్ల, వెనక అదే కిటికీ, ఫొటోలో గుర్తుపట్టాను) ఇంకో పేరుతో ఇప్పుడు లూక్ బొమ్మ పెట్టాడు, "డబుల్ టెలిస్కోపింగ్" అంటూ. మొదటి రోజుల్లో కొన్ని లూక్, బెన్, వేడర్ బొమ్మల్లో చేతిలోంచి కత్తి రెండంచెలుగా బయటికొచ్చేది, లావు గొట్టం, దానిలోంచి ఇంకో సన్నది. వెంటనే మానేశారు, అందుకే చాలా అరుదు, వీటి కత్తులకు నకిలీలు కూడా అంతే జోరు. చేతిలో పెట్టుకుని చూడనిదే, అసలుది ఎరిగినవాడు పక్కన లేనిదే దాని జోలికి పోకండి.

బొమ్మలతో వచ్చే బుల్లి తుపాకులు, కత్తుల విషయంలో "నీళ్లలో వేస్తే తేలితే అసలు, మునిగితే నకిలీ" అని ఒక పరీక్ష చెప్తారు. మునిగితే అనుమానించాల్సిందే. తేలినంత మాత్రాన అసలుదని అనుకోవద్దు, ఇప్పుడు తేలే నకిలీలు కూడా వస్తున్నాయి. నకిలీ అని చెప్పి నాలుగు డాలర్లకు అమ్మేవాళ్లతో నాకు పేచీ లేదు, విరిగిన బొమ్మ చేతిలో పెట్టుకోవడానికి నేనూ కొంటాను. అది రెండో చేతికి, మూడో చేతికి వెళ్లేసరికి "చిన్నప్పటిది" అయిపోతుంది, అదీ తంటా. ఇంక రాకెట్ పేల్చే బోబా ఫెట్ (ఇంకో స్టార్‌వార్స్ బొమ్మ) తన దగ్గర చిన్నప్పుడు ఉండేదని, పోస్టులో వచ్చిందని ఎవడైనా ఒట్టు పెడితే ఓ నవ్వు నవ్వి వచ్చేయండి. 1979లో పోస్టు ద్వారా ఇస్తామని ప్రకటించిన మాట నిజమే, పిల్లల గొంతులో ఇరుక్కుంటుందన్న భయంతో రాకెట్‌ను కదలకుండా అంటించేసి పంపారు. పేలేది ఒక్క పిల్లాడికీ రాలేదు, ఉన్నవన్నీ కంపెనీలో తయారైన నమూనాలు. ఆ ఒట్టు పెట్టేవాళ్లలో సగం మంది అబద్ధం కూడా చెప్పడం లేదు, వాళ్లకు నిజంగా అలాగే గుర్తుంటుంది.

అక్కడికొచ్చాక నాకే ఒక అనుమానం పట్టుకుంది. మొన్న అమ్మతో ఫోన్‌లో మాట్లాడుతూ కొలువు ఫొటో వెతికించాను. నలుపు తెలుపు ఫొటో, చివర తాటిచెట్టు, దాని పక్కన వేలెడంత మసక మచ్చ, అదే వాడు. కేప్ గుడ్డో వినైలో బ్రహ్మకు కూడా తెలియదు. అమ్మను అడిగితే "గుడ్డేరా, నానమ్మ ఒకసారి ఉతికింది కూడా" అంది. తమ్ముణ్ణి అడిగితే తనకు బావే గుర్తులేదన్నాడు.

సంతలో పెద్దాయన దగ్గర ఒక గుడ్డ కేప్ జావా ఉంది, నలభై డాలర్లు చెప్పాడు. బేరమాడకుండా తెచ్చుకున్నాను. కత్తిరించిన కేప్ మాత్రం విడిగా కవర్లో పెట్టి ఉంచాను. దాని అంచు, బెన్ కేప్ అంచు, ఆ పెద్దాయన దగ్గరి అసలు కేప్ అంచు, మూడింటికీ భూతద్దం కింద తీసిన ఫొటోలు నా దగ్గర ఉన్నాయి. ఎవరైనా వినైల్ జావా బేరంలో ఉంటే డబ్బు పంపే ముందు నాకు ఒక మెసేజ్ పెట్టండి, పంపిస్తా. రాత్రి తొమ్మిది దాటాక అయితే వెంటనే చూస్తాను.