మూడు నిమిషాల కుమితే, మూడు రాత్రుల ప్రయాణం

రాజమండ్రిలో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కుతుంటే అమ్మ పులిహోర డబ్బా చేతిలో పెట్టింది. తినకూడదని చెప్పే ధైర్యం లేక తీసుకున్నాను. పొద్దున కరాటే పోటీ తూకం అయ్యేదాకా నేను నా విభాగం హద్దు 67 కిలోలు దాటకూడదు మరి. డబ్బా తలగడ పక్కనే పెట్టుకుని, ఇంగువ వాసన చూస్తూ పడుకున్నాను.

ముప్పై రెండేళ్లకి మొదటి కరాటే టోర్నమెంటు, హైదరాబాద్ యూసుఫ్‌గూడ ఇండోర్ స్టేడియంలో. నాది కుమితే, అంటే ప్రత్యర్థితో ముఖాముఖి పోరు. "గెలవక్కర్లేదు, బెదిరిపోకుండా నిలబడు చాలు" అని మాస్టారు ముందే చెప్పేశారు.

రైలు దగ్గరుంటుందని సికింద్రాబాద్ స్టేషన్ ఎదురు సందులో లాడ్జి తీసుకున్నాం. అదే మేం చేసిన తప్పు. రోజుకి 1,200 తీసుకుని వేడినీళ్లు బకెట్టుకి ఒక మగ్గు చొప్పున ఇచ్చారు. పోటీ ముందు రాత్రి ఆటోల హారన్లతో కన్ను మూతపడలేదు. కాకినాడ నుంచి వచ్చిన కుర్రాళ్లు కృష్ణానగర్‌లో దిగారు. సినిమావాళ్లు తిరిగే పేట, మెస్సులకి కొదవ లేదు, స్టేడియానికి నడిచి రావచ్చు. వాళ్లు హాయిగా పడుకుని వచ్చారని మొహాలే చెప్పాయి.

మెట్రో మాత్రం బాగుంది. సికింద్రాబాద్ ఈస్ట్‌లో ఎక్కితే అమీర్‌పేటలో మారే పని లేకుండా నేరుగా యూసుఫ్‌గూడలో దిగొచ్చు. బ్యాగు స్కానింగ్ దగ్గర నా షిన్ గార్డులు బయటికి తీయించి, ఇవేంటని అడిగారు. కాలికి కట్టి చూపించాక వదిలారు. ఖాళీ కడుపుతో వెళ్తుంటే 'ప్యారడైజ్' అని స్టేషన్ పేరు వినిపించింది. ఆ క్షణంలో బిర్యానీ తప్ప ఇంకేం గుర్తుకు రాలేదు.

స్టేషన్ బయట ఫుట్‌పాత్ మీద పెద్దాయన మిషన్‌లో 66.5 చూపించింది. ధీమాగా వెళ్తే అసలు తూకంలో 67.5! జీన్స్ విప్పి షార్ట్స్‌తో ఎక్కాను. 66.9. అక్కడే మెట్ల మీద కూర్చుని పులిహోర డబ్బా ఖాళీ చేశాను. రాత్రంతా ఊరడంతో మెతుకుమెతుక్కీ పులుపు పట్టింది.

మర్నాడు నిర్వాహకులు తొమ్మిదింటికి రమ్మన్నారు. నా పేరు పిలిచేసరికి నాలుగైంది. మధ్యలో చల్లారిపోయిన వెజ్ బిర్యానీ ప్యాకెట్ ఒకటి ఇచ్చారు, అంతే. ఒళ్లు వేడెక్కించుకోవడం, మళ్లీ చల్లబడటం, ఇలా నాలుగుసార్లు. పైగా నాకు నీలం వైపు వచ్చింది, నా దగ్గరున్నవి ఎర్ర గ్లవ్స్. కాకినాడ కుర్రాడే అరువిచ్చాడు. కొత్తగా వెళ్లేవాళ్లు రెండు రంగులూ పెట్టుకోండి.

రిఫరీ 'హజిమె' (మొదలుపెట్టండి) అనగానే నాకు చెవులు మూసుకుపోయాయి. అయినా మొదటి గ్యాకు జుకి, అంటే వెనక చేతి పంచ్, నాదే తగిలింది. ఒక పాయింటు, పైగా సెన్షు. అంటే స్కోరు సమమైతే గెలుపు నాదే. ఆ ఆనందంలో చేతులు కాస్త దింపాను. అవతలి కుర్రాడి పాదం నా చెంపని తాకి వెళ్లింది. దెబ్బ లేదు, చప్పుడు మాత్రం వచ్చింది. తలకి కిక్ కాబట్టి మూడు పాయింట్లు. తర్వాత రెండు పంచ్‌లు. 5-1. ఇంటికెళ్లి వీడియో చూస్తే, ఆ కిక్‌కి ముందు నేను స్కోరు బోర్డు వైపు చూస్తున్నాను!

వంగి దణ్ణం పెట్టి బయటికొచ్చాకే తెలిసింది, ఎప్పుడు తగిలిందో, ఎడమ మోకాలు వాచింది. ఫిజియో అమ్మాయి ఐస్ పెట్టి, పట్టీ చుట్టి పైసా తీసుకోలేదు. ఆ రోజు మొత్తంలో సరిగ్గా జరిగిన సర్వీసు అదొక్కటే.

తిరుగు రైల్లో నాది పై బెర్తు. రెండుసార్లు ప్రయత్నించినా కాలు లేవలేదు. కింద బెర్తు పెద్దాయన పట్టీ వైపు చూసి, "ఏం బాబూ, ఎవరితోనైనా దెబ్బలాడొచ్చావా?" అన్నారు.

"అవునండి, ఫీజు కట్టి మరీ."

నవ్వి, తన దుప్పటి తీసుకుని పైకి ఎక్కేశారు.