పనామా కాలువ యాత్ర: లాకులు చూపించారు, ఒడంబడికను దాటవేశారు

పనామా నగరంలోని ఒక చిన్న పర్యటన సంస్థ నడిపే అర్ధదినపు కాలువ యాత్రకు గత శీతకాలం సెలవుల్లో మేము నలుగురం వెళ్లాము. హోటలు గుమ్మం దగ్గర ఎక్కించుకుని, ఆంకాన్ కొండ, మిరాఫ్లోరెస్ లాకులు, పాత నగరం చూపించి తిరిగి అక్కడే దింపుతామని వారు ముందుగా చెప్పారు, చెప్పినట్టే చేశారు. వ్యాను శుభ్రంగా ఉంది, డ్రైవరు వేళకు వచ్చాడు. వాటి గురించి ఇంతకంటే రాయవలసిన పని లేదు. రాయవలసినది ఆ యాత్రలో మాకు వినిపించిన కథ గురించి, అందులో వినిపించకుండా వదిలేసిన భాగం గురించి.

లాకులన్న మాట గోదావరి, కృష్ణా డెల్టాల వారికి కొత్తది కాదు. పడవ లోపలికి వచ్చి నిలిచాక వెనక తలుపులు మూసి, నీరు నింపో, వదిలో దానిని కావలసిన మట్టానికి చేర్చడం ధవళేశ్వరం దగ్గర మా తాతగారి తరం వారు చూస్తూ పెరిగిన పనే. పనామాలో జరిగేదీ అదే, కొలతలే వేరు. 1914 ఆగస్టు 15న తెరిచిన ఈ కాలువలో పాత లాకు గది ఒక్కొక్కటి 305 మీటర్ల పొడవు, 33.5 మీటర్ల వెడల్పు ఉంటుంది. సముద్ర మట్టానికి 26 మీటర్ల ఎత్తున ఉన్న గాటూన్ సరస్సులోకి ఓడను మెట్టు మెట్టుగా ఎక్కించి, అవతల మళ్లీ మెట్టు మెట్టుగా దించుతారు. ఒక ఓడ దాటేసరికి సుమారు 20 కోట్ల లీటర్ల మంచినీరు సముద్రం పాలవుతుంది కనుకనే, 2023లో వానలు ముఖం చాటేసినప్పుడు రోజుకు దాటే ఓడల సంఖ్యను బాగా తగ్గించుకోవలసి వచ్చింది. ఓడ గోడలకు రాసుకోకుండా ఇరువైపులా పట్టాల మీద నడుస్తూ తాళ్లతో పట్టి ఉంచే విద్యుత్ ఇంజన్లను అక్కడి వారు ఇప్పటికీ కంచరగాడిదలనే పిలుస్తారు. ఇవన్నీ మా గైడు పదేళ్ల పిల్లవాడికి కూడా అర్థమయ్యేలా చెప్పింది. ఈ భాగానికి మాత్రం నిండుగా మార్కులు వేయవచ్చు.

అయితే మమ్మల్ని లాకుల దగ్గరికి తీసుకువెళ్లింది మిట్టమధ్యాహ్నం. మిరాఫ్లోరెస్‌లో మామూలుగా పసిఫిక్ వైపు నుంచి వచ్చే ఓడలు పొద్దున దాటిపోతాయి, అట్లాంటిక్ వైపు నుంచి బయలుదేరినవి మధ్యాహ్నం మూడు ప్రాంతంలో గాని చేరుకోవు. రోజూ ఇదే పని చేసే సంస్థకు ఈ సంగతి తెలియదనుకోలేను. గంటసేపు ఖాళీ నీటిని చూసి వెనక్కి వచ్చాము.

ఇంతకంటే పెద్ద లోటు కథనంలో ఉంది. వ్యానులో వినిపించిన వ్యాఖ్యానం ప్రకారం కాలువను అమెరికా కట్టింది, 1999లో పనామాకు ఇచ్చింది. ఎనభై అయిదేళ్ల రాజకీయం ఆ "ఇచ్చింది"లో ఇమిడిపోయింది. ఎవరిచ్చారు, ఎందుకిచ్చారు, ఇవ్వడానికి ఏం పోగొట్టుకున్నారు అన్న ప్రశ్నలకు ఆ వ్యాఖ్యానంలో చోటు లేదు. పది మైళ్ల వెడల్పు గల నేలపై అమెరికాకు శాశ్వత హక్కులిచ్చిన 1903 నాటి ఒడంబడికపై పనామా పక్షాన సంతకం చేసినది ఫిలిప్ బ్యునో-వారియా అనే ఫ్రెంచి ఇంజనీరు. పనామా నుంచి బయలుదేరిన ప్రతినిధులు వాషింగ్టన్ చేరేసరికే ఆ సంతకం అయిపోయింది. ఆ తర్వాత ఆ నేలమీద అమెరికా సొంత పోలీసులు, కోర్టులు, బడులు వెలిశాయి. కాలువ తవ్విన తెల్ల అమెరికన్లకు బంగారు పట్టీ అనే జీతాల జాబితాలోనూ, కరీబియన్ ద్వీపాల నుంచి వచ్చిన నల్లజాతి కూలీలకు వెండి పట్టీలోనూ జీతాలిచ్చేవారు. ఇళ్లూ దుకాణాలూ కూడా ఆ పట్టీల ప్రకారమే వేరువేరుగా ఉండేవి.

ఈ మాట నేను అడిగినప్పుడు గైడు కొంచెం ఆగి, తన ముత్తాత బార్బడోస్ నుంచి వచ్చిన వెండి పట్టీ కూలీ అని చెప్పి, డ్రైవరుతో ఏదో మాట్లాడి వ్యానును ఒకప్పుడు అమెరికా పాలించిన ఆ నేలలోని బాల్బోవా అనే చోటి వైపు తిప్పించింది. కార్యక్రమంలో లేని ఆ మజిలీయే యాత్ర మొత్తానికి విలువైనది. అక్కడి పాత అమెరికన్ హైస్కూలు భవనం ఇప్పుడు కాలువ సంస్థ వారి శిక్షణ కేంద్రం. 1964 జనవరి 9న ఆ స్కూలు ముందు తమ జెండాను కూడా ఎగురవేయాలని వచ్చిన పనామా విద్యార్థులతో తోపులాట జరిగి, జెండా చిరిగి, గొడవలు నగరమంతా పాకి, ఇరవై మందికి పైగా పనామా పౌరులూ నలుగురు అమెరికా సైనికులూ మరణించారు. మృతులలో మొదటివాడైన అస్కానియో అరోసెమెనా అనే ఇరవై ఏళ్ల విద్యార్థి పేరునే ఆ కేంద్రానికి పెట్టారు. స్తంభాల మీద మృతుల పేర్లున్నాయి. వాటి ముందు నిలబడ్డాకే "ఇచ్చింది" అన్న మాట ఎంత పొదుపైనదో అర్థమైంది.

1973 మార్చిలో ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి పనామా నగరంలోనే సమావేశమై, పనామాకు న్యాయమైన కొత్త ఒడంబడిక కావాలన్న తీర్మానాన్ని ఓటుకు పెట్టినప్పుడు, అనుకూలంగా ఓటు వేసిన పదమూడు దేశాలలో భారతదేశం ఒకటి. బ్రిటన్ తటస్థంగా ఉంది, అమెరికా వీటో చేసింది. నాలుగేళ్ల తర్వాత అమెరికా అధ్యక్షుడిగా వచ్చిన జిమ్మీ కార్టర్ ఈ కాలువనే తన లాటిన్ అమెరికా విధానానికి మొదటి పరీక్షగా తీసుకున్నారు. 1977 సెప్టెంబరు 7న ఆయన, పనామా పాలకుడు ఒమర్ తొర్రిహోస్ వాషింగ్టన్‌లో రెండు ఒడంబడికలపై సంతకాలు చేశారు: ఒకటి కాలువను 1999 చివరికల్లా అప్పగించడానికి, మరొకటి దానిని అన్ని దేశాల ఓడలకూ ఎల్లకాలం తటస్థంగా ఉంచడానికి. కార్టర్ పేరు చెబితే మనలో చాలామందికి 1978 జనవరిలో ఆయన వెళ్లిన హర్యానా పల్లె, అది కార్టర్‌పురిగా మారడం గుర్తుకు వస్తాయి. ఆ చలికాలంలోనే ఆయన ఒక్కొక్క సెనేటరునూ ఒప్పించే పనిలో తలమునకలై ఉన్నారన్నది అంతగా గుర్తుండదు. ఒడంబడికలకు అమెరికా సెనేట్ ఆమోదం అవసరం, అందుకు మూడింట రెండు వంతుల మెజారిటీ, అంటే 67 ఓట్లు కావాలి. మార్చి 16న ఒకటి, ఏప్రిల్ 18న రెండవది, రెండూ 68-32తోనే గట్టెక్కాయి. రొనాల్డ్ రీగన్ ఈ అప్పగింతకు వ్యతిరేకంగానే దేశమంతా తిరిగి, 1980లో కార్టర్‌ను ఓడించారు. ఆ ఓటమికి కారణాలు వేరే చాలా ఉన్నాయి గాని, కాలువ కార్టర్‌కు ఒక్క ఓటునూ తెచ్చిపెట్టలేదని చెప్పవచ్చు.

కార్టర్‌ను దేవుణ్ణి చేయాలని నా ఉద్దేశం కాదు. ఆ ఓట్ల కోసం ఆయన పాలకవర్గం సెనేటరు డికాన్సినీ షరతుకు తలవంచింది. కాలువ మూతబడితే అమెరికా బలప్రయోగం చేయవచ్చునన్న ఆ మాట పనామాలో పుండు మీద కారం చల్లినట్టయింది, దానిని సర్దడానికి తర్వాతి ఒడంబడికలో మరో వివరణ చేర్చవలసి వచ్చింది. నికరాగ్వాలో నియంత సొమోసాకు సాయం తగ్గించిన చేతితోనే ఎల్ సాల్వడార్ సైన్యానికి సాయం పంపారు. పంపవద్దని ఆర్చిబిషప్ ఆస్కార్ రొమేరో 1980 ఫిబ్రవరిలో ఆయనకు లేఖ రాశారు, మరుసటి నెలలోనే హంతకుల తూటాకు బలయ్యారు. పొరుగు పేద దేశాల పట్ల ఆయన విధానం అన్ని చోట్లా ఒకేలా లేదు. పనామాలో మాత్రం అది కాగితం మీద ఆగిపోకుండా, 1989లో అమెరికా సైన్యం వచ్చి పడిన తర్వాత కూడా, రాసుకున్న గడువు ప్రకారం అమలైంది. 1999 డిసెంబరు 14న అప్పగింత వేడుకకు అమెరికా తరఫున వచ్చినది అప్పటి అధ్యక్షుడు క్లింటన్ కాదు, పదవి దిగి పద్దెనిమిదేళ్లు దాటిన కార్టర్. అందుకున్నది పనామా అధ్యక్షురాలు మిరేయా మొస్కోసో. 2016లో మరింత పెద్ద ఓడల కోసం కొత్త లాకులు తెరిచినది పనామా సొంత సంస్థే. ఆ కాలువను వెనక్కి తీసుకుంటామని 2025 జనవరిలో మరో అమెరికా అధ్యక్షుడు ప్రమాణస్వీకార వేదిక నుంచే అన్నాక, ఈ కథను ఒక్క వాక్యంలో దాటవేసే కాలువ యాత్ర నాకు సగం యాత్రగానే కనిపిస్తుంది.

అయిదుకు మూడు చుక్కలు ఇస్తున్నాను; అందులో ఒకటి అచ్చంగా గైడుకే. వెళ్లదలచినవారు లాకుల దగ్గరికి పొద్దున తొమ్మిదికి ముందు గాని, మధ్యాహ్నం మూడు తర్వాత గాని చేర్చమని బుక్ చేసేటప్పుడే గట్టిగా అడగండి. పాత నగరంలో దుకాణాలకు కేటాయించిన ముప్పావు గంటలో సగం తగ్గించి బాల్బోవాలో ఆపమని కూడా అడగండి. మాకు ఆ మజిలీకి అదనంగా పైసా తీసుకోలేదు.