హోస్టింగ్ మార్చేటప్పుడు నేమ్‌సర్వర్లు మార్చాలా, 'A' రికార్డు మారిస్తే చాలా? ఏది మేలు?

మీ సైట్ ఏ సర్వర్‌లో ఉందో, మెయిల్ ఎటు వెళ్లాలో చెప్పే రికార్డులు ఉండే చోటే నేమ్‌సర్వర్. కొత్త హోస్టింగ్ కొనగానే కంపెనీ నుంచి ఒక మెయిల్ వస్తుంది: "మీ డొమైన్‌కు మా నేమ్‌సర్వర్లు పెట్టుకోండి." నల్గొండ, పాలమూరు వైపు సొంతంగా సైట్లు నడుపుకునే చిన్న వ్యాపారులు చాలామంది వెంటనే అదే చేసేస్తారు. ఆర్డర్లు తీసుకునే సైటైతే నేను వద్దనే చెబుతాను.

నేమ్‌సర్వర్లు మార్చడం సులువే, రెండు పేర్లు అతికిస్తే అయిపోతుంది. చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. డాట్ కామ్ డొమైన్ల జాబితా నడిపే రిజిస్ట్రీ ఇచ్చే నేమ్‌సర్వర్ వివరాలకు ఒక గడువు ఉంటుంది, ఇంటర్నెట్ కంపెనీల సర్వర్లు వాటిని అంతసేపు గుర్తుపెట్టుకోవచ్చు. అది 172800 సెకన్లు, అంటే రెండు రోజులు. దాన్ని తగ్గించడం మన చేతిలో లేదు. ఆ రెండు రోజులూ జడ్చర్లలో ఒకరికి కొత్త సర్వర్, మిర్యాలగూడలో ఇంకొకరికి పాత సర్వర్ తగలొచ్చు. పైగా నేమ్‌సర్వర్లతో పాటు డీఎన్ఎస్ (డొమైన్ రికార్డుల పట్టిక) మొత్తం మారిపోతుంది. మెయిళ్లు ఎటు వెళ్లాలో చెప్పే ఎంఎక్స్ రికార్డులు కొత్త చోట ముందే రాసిపెట్టకపోతే సైట్ బాగానే తెరుచుకుంటుంది గానీ మెయిళ్లు రావు. ఆ సంగతి ఎవరో ఫోన్ చేసి అడిగేదాకా తెలియదు.

రెండో దారి, నేమ్‌సర్వర్లను ముట్టుకోకుండా 'A' రికార్డులో ఉండే ఐపీ అడ్రస్ (సర్వర్ చిరునామా) ఒక్కటే మార్చడం. ఇక్కడ గడువు, అంటే టీటీఎల్, మన చేతిలోనే ఉంటుంది. 86400 సెకన్లు ఉంటే రెండు రోజుల ముందే 300కి దించాలి. మార్చే రోజు దించితే లాభం లేదు, అప్పటికే పాత ఐపీని గుర్తుపెట్టుకున్నవాళ్లు రోజంతా దాన్నే పట్టుకుంటారు. ముందే దించితే ఎక్కువమంది ఐదారు నిమిషాల్లో కొత్త సర్వర్‌కు వచ్చేస్తారు. తేడా వస్తే వెనక్కి మార్చడమూ అంతే తేలిక. కొత్తరకం ఐపీ అడ్రస్ అయిన ఐపీవీ6 కోసం ఉండే ఏఏఏఏ రికార్డును మాత్రం మరవొద్దు. అది పాతదే ఉండిపోతే మొబైల్ నెట్ వాడేవాళ్లు చాలామంది ఇంకా పాత సర్వర్‌కే వెళ్తారు.

డీఎన్ఎస్ కూడా పాత హోస్టింగ్ కంపెనీదే అయితే? ఆ ఖాతా మూసేస్తే అదీ పోతుంది కాబట్టి నేమ్‌సర్వర్లు ఎలాగూ మార్చాలి. అప్పుడు కూడా రెండు పనులు ఒకేరోజు పెట్టుకోవద్దు. ముందు రికార్డులన్నీ పాత ఐపీతోనే కొత్త డీఎన్ఎస్‌లో రాసి నేమ్‌సర్వర్లు మార్చండి. రెండు మూడు రోజులు ఆగి ఐపీ మార్చండి.

బడి సైటో, ఆసుపత్రి సమాచారం ఉండే సైటో అయితే రెండు చోట్లా ఒకే కాపీ ఉంటుంది, ఎవరు ఎటు వెళ్లినా నష్టం లేదు. కానీ నారాయణపేట చీరలు అమ్మే సైట్ సంగతి వేరు. పాత సర్వర్‌కు వెళ్లినవాళ్ల ఆర్డర్ పాత డేటాబేస్‌లో పడుతుంది. డబ్బు కట్ అవుతుంది, నేసేవాళ్లకు మాత్రం కబురు అందదు. అసలు టెన్షన్ ఇదే. సొంత వీపీఎస్ (పూర్తి పట్టు మన చేతిలో ఉండే సర్వర్) ఉంటే పాత సర్వర్‌లో ఎన్‌జిన్‌ఎక్స్ అనే సర్వర్ సాఫ్ట్‌వేర్‌తో వచ్చినవాళ్లందరినీ కొత్తదానికి పంపించవచ్చు. అప్పటి నుంచి ఎవరు ఎటు వెళ్లినా ఆర్డర్లన్నీ కొత్త డేటాబేస్‌లోనే పడతాయి. అన్నిటికంటే మేలైన పద్ధతి ఇదే, కాకపోతే ఒకే సర్వర్‌ను చాలామంది పంచుకునే షేర్డ్ హోస్టింగ్‌లో సాధారణంగా కుదరదు.

షేర్డ్ హోస్టింగ్ వాళ్లకు నా సలహా: ఫైళ్లు ముందే కాపీ చేసుకోండి. తెల్లవారుజామున పాత సైట్‌లో ఆర్డర్లు ఆపి, డేటాబేస్ దించి కొత్తచోట ఎక్కించి, అప్పుడు 'A' రికార్డు మార్చండి. పాత సైట్‌ను మళ్లీ తెరవొద్దు. కాసేపు "కొద్దిసేపట్లో వస్తాం" అని కనిపిస్తే కనిపించనివ్వండి. కట్టిన డబ్బుకు లెక్క దొరక్కపోవడం కంటే అది నయం.

ఏ దారిలో వెళ్లినా, మార్చే ముందు మీ కంప్యూటర్ హోస్ట్స్ ఫైల్లో (ఏ డొమైన్‌కు ఏ ఐపీ వాడాలో ఆ కంప్యూటర్‌కు మాత్రమే చెప్పే ఫైల్) కొత్త ఐపీ రాసుకుని లాగిన్, కార్ట్, పేమెంట్ అన్నీ చూసుకోండి. సైట్‌ను సురక్షితంగా (https) తెరిపించే ఎస్ఎస్ఎల్ సర్టిఫికెట్ కూడా ముందే సిద్ధం చేసుకోవాలి. ఉచితంగా సర్టిఫికెట్లు ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్‌లో డీఎన్ఎస్ ద్వారా నిర్ధారించే పద్ధతితో డొమైన్ ఇంకా పాత సర్వర్ వైపు ఉండగానే తీసుకోవచ్చు. బతుకమ్మ, దసరా ముందు వారాల్లో ఈ పని పెట్టుకోవద్దు. పాత సర్వర్ లాగ్‌లో కొనేవాళ్ల రాకపోకలు పూర్తిగా ఆగాకే ఆ ఖాతా మూయండి.